ఎండ కాసిన రోజు, ఒక్కరే, హెల్‌వెలిన్ మీద

ఉత్తర ఇంగ్లండ్‌లో కొండలు, సరస్సుల సీమ అయిన లేక్ డిస్ట్రిక్ట్‌లో వాన లేని రోజు ఊరికే దొరకదు, కనిపెట్టుకుని ఉండాలి. ఏడాది మొత్తంలో ఏప్రిల్, మే, జూన్ అక్కడ కాస్త పొడి నెలలు. ఆ రోజుల్లో ఆకాశాన్ని తేటగా ఉంచే అధిక పీడనం వచ్చి ఉత్తర ఇంగ్లండ్ మీద నాలుగు రోజులు తిష్ఠ వేస్తుందని తెలిస్తే చాలు, మాంచెస్టర్‌లోనో న్యూకాసిల్‌లోనో ఉద్యోగాలు చేసుకునే కొండపిచ్చి జనానికి కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉండేవాళ్ళు. తోడు వచ్చేవాళ్ళకి సెలవు కుదరదు, ఎండ మాత్రం ఆగదు. అందుకే హెల్‌వెలిన్ లాంటి కొండ మీదకి ఒంటరి ప్రయాణాలు.

అప్పట్లో ఫోన్లలో యాప్‌లు లేవు. ఒక నంబరుకి ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు కొండల మీద వాతావరణం నింపాదిగా చదివేది. అలవాటైన వాళ్ళు ఎండ సంగతి రాసుకునేవాళ్ళే కాదు. రాసుకునేవి మూడే: 900 మీటర్ల ఎత్తులో గాలి వేగం, మబ్బు అడుగు ఎంత ఎత్తున ఉంది, మధ్యాహ్నం తర్వాత ఏమైనా మారుతుందా. కింద ఊళ్ళో ఆకు కదలకపోయినా పైన గాలి గంటకి 50 కిలోమీటర్లు దాటిందంటే సన్నటి రాతి గట్టు మీదకి ఒక్కరే పోవడం తెలివైన పని కాదు. విసురుగా వచ్చే గాలి మనిషిని ఎత్తి పడేయక్కర్లేదు, కాలు ఎత్తిన క్షణంలో అరడుగు పక్కకి నెడితే చాలు. ఇప్పుడు అదే సమాచారం వెబ్‌సైటులో ఉంటుంది. చూడాల్సిన వరస మాత్రం మారలేదు.

హెల్‌వెలిన్ ఎత్తు 950 మీటర్లు. ఇంగ్లండ్‌లో మూడో ఎత్తైన కొండ. మన హార్స్‌లీ హిల్స్ ఇంతకన్నా ఎత్తే కదా అని తేలిగ్గా తీసుకుంటే తప్పు. హార్స్‌లీ హిల్స్‌కి బస్సు పైదాకా పోతుంది. ఇక్కడ నడక మొదలయ్యే గ్లెన్‌రిడ్డింగ్ ఊరు అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున, సముద్రమట్టానికి దాదాపు 150 మీటర్ల ఎత్తులోనే ఉంది. అంటే 800 మీటర్లు కాళ్ళతో ఎక్కాలి, మధ్యలో దిగి మళ్ళీ ఎక్కేవి కలిపితే ఇంకొంచెం ఎక్కువ. అలిపిరి మెట్ల దారిలో తిరుమలకి నడిచినవాళ్ళకి ఆ ఎత్తు కాళ్ళలో తెలుస్తుంది. మెట్లు, పందిళ్ళు, సోడా బండి ఉండవు, అంతే తేడా.

దారి చుట్టు తిరిగి వస్తుంది. గ్లెన్‌రిడ్డింగ్ నుంచి మయర్స్ బెక్ వాగు పక్కన ఎక్కి, బర్క్‌హౌస్ మూర్ మీదుగా స్ట్రైడింగ్ ఎడ్జ్ అనే సన్నటి గట్టు పట్టుకుని శిఖరం, అక్కడి నుంచి స్విరల్ ఎడ్జ్ మీదుగా రెడ్ టార్న్ చెరువు దగ్గరికి దిగి, పాత సీసం గనుల దారిలో మళ్ళీ ఊళ్ళోకి. మొత్తం 13 కిలోమీటర్లకి అటూఇటూ. 1892లో నెయిస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన ఒక లెక్క కట్టాడు: 5 కిలోమీటర్లకి గంట, ప్రతి 300 మీటర్ల ఎక్కుడుకి అరగంట అదనం. ఆ లెక్కన ఈ చుట్టుకి నాలుగు గంటలు. అందులో ఆగడం, తినడం, చేతులు వేసి ఎక్కే చోట మెల్లగా కదలడం ఏవీ లేవు. అవన్నీ కలిపితే ఆరు, ఏడు గంటలు పడుతుంది. జూన్‌లో సూర్యుడు ఉదయం ఐదు లోపే వచ్చి రాత్రి తొమ్మిదిన్నర దాటాక గానీ పోడు, కాబట్టి వెలుతురు సమస్య కాదు. సమస్య జనం. ఎండ కాసిన శనివారం పదకొండింటికి స్ట్రైడింగ్ ఎడ్జ్ చివర చిమ్నీ అనే ఇరుకు రాతి సందు దగ్గర వరసలో నిలబడాల్సి వస్తుంది. వెనక ఇద్దరు ఎదురుచూస్తున్నారని తొందరపడడం ఆ చోట చేయకూడని పని.

బస్సులో వచ్చేవాళ్ళు పెన్రిత్ స్టేషన్ ముందు 508 ఎక్కేవాళ్ళు. పూలీ బ్రిడ్జ్ దాటాక సరస్సు ఎడమ పక్కన మెరుస్తూ వెంట వస్తుంది. వెనక్కి వచ్చే ఆఖరి బస్సు వేళ చేతి మీద పెన్నుతో రాసుకోవడం అప్పటి అలవాటు. చెడ్డ అలవాటేం కాదు. ఫోన్ బ్యాటరీ అయిపోయినా చెయ్యి ఎక్కడికీ పోదు.

బ్యాగు సంగతి. 25, 30 లీటర్ల బ్యాగు చాలు, నీళ్ళతో కలిపి ఆరేడు కిలోలు మించకూడదు. బరువు పెరిగితే రాతి మీద వెనక్కి లాగుతుంది. వెడల్పు పెరిగితే ఇరుకు సందుల్లో రాయికి తగులుకుని మనిషిని బయటికి నెడుతుంది. అందుకే బయట వేలాడే మగ్గులు, సీసాలు, మడిచిన చాపలు ఏవీ వద్దు, అన్నీ లోపలికే. ఎంత ఎండ రోజైనా లోపల ఉండాల్సినవి: వాన కోటు, ఒక ఉన్ని టోపీ, ఒక ఫ్లీస్ (మెత్తటి వెచ్చని పై చొక్కా), తలకి పెట్టుకునే టార్చి, ఈల, మనిషి లోపల దూరి చలి కాచుకునే నారింజ రంగు ప్లాస్టిక్ సర్వైవల్ సంచి. ఈ ఆఖరిదాన్ని చూసి నవ్వేవాళ్ళు చాలామంది. ఎత్తుకి పోయేకొద్దీ వెయ్యి మీటర్లకి ఆరున్నర డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. ఊళ్ళో 20 ఉంటే పైన 15, గాలిలో అది ఇంకా తక్కువగా తగులుతుంది. నడుస్తున్నంతసేపూ చెమట. చీలమండ మెలికపడి కదల్లేక చెమట చొక్కాతో రెండు గంటలు కూర్చోవాల్సి వస్తే మే నెలలోనూ వణుకు పుడుతుంది. పక్కన కోటు ఇచ్చే మనిషి లేనప్పుడు ఆ సంచే దిక్కు.

నీళ్ళు రెండు లీటర్లు, వేడి రోజైతే రెండున్నర. మయర్స్ బెక్ వదిలాక మళ్ళీ రెడ్ టార్న్ దాకా చుక్క నీరు ఉండదు. నీళ్ళు దొరకని ఆ మధ్య భాగంలోనే ఎక్కువ చెమట పడుతుంది. వాగు నీళ్ళు చూడ్డానికి అద్దంలా ఉంటాయి గానీ పైన గొర్రెలు మేస్తుంటాయి, వడకట్టే సీసా లేకపోతే తాగకపోవడమే మంచిది. తిండి విషయంలో మనవాళ్ళ పులిహోరకి సాటి లేదు. చింతపండు, నూనె వల్ల మధ్యాహ్నానికీ పాడవదు, ఉప్పు ఉంటుంది, చల్లగా తిన్నా బాగుంటుంది. చెంచా మాత్రం మరవకూడదు. గొర్రెల పెంటికలు పడిన రాళ్ళు పట్టుకున్న చేతులవి. పెరుగన్నం డబ్బా ఎంత గట్టిగా మూసినా బ్యాగులో కారుతుందని ప్రతి ఒక్కరూ సొంతంగా నేర్చుకుంటారు. జేబులో పల్లీ పట్టీ, లేదా అక్కడి కెండల్ మింట్ కేక్. చక్కెర, గ్లూకోజ్, పిప్పర్‌మెంట్ నూనె తప్ప అందులో ఏమీ ఉండదు. 1953 ఎవరెస్ట్ యాత్రలో వెంట వెళ్ళిన సరుకు. రుచికి పెద్దగా ఓటు వెయ్యలేం గానీ ఆఖరి గంటలో పనిచేస్తుంది.

అప్పటి మ్యాపు పసుపు అట్టది, ఇప్పటిది నారింజ. బ్రిటన్ మ్యాపులు గీసే ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళ ఓఎల్5 అనే షీటు, 1:25,000 స్కేలు, అంటే 4 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ఎత్తు గీతలు పది మీటర్లకి ఒకటి. మ్యాపుని మెడలో వేలాడదీసుకునే ప్లాస్టిక్ తొడుగు ఆ రోజుల్లో ఫ్యాషన్. నడకకి బాగానే ఉంటుంది. చేతులు వేసి ఎక్కే చోట మాత్రం అది కాళ్ళని కప్పేసి అడుగు పెట్టే రాయి కనపడకుండా చేస్తుంది. గట్టు మొదలయ్యే ముందే తీసి బ్యాగులో పడేయాలి. దిక్సూచి విషయంలో ఒక మార్పు వచ్చింది. 1990ల్లో మ్యాపు మీద కొలిచిన దిశకి దాదాపు 5 డిగ్రీలు కలుపుకోవాల్సి వచ్చేది. భూమి అయస్కాంత ఉత్తరం జరుగుతూ జరుగుతూ ఇప్పుడు ఆ తేడా దాదాపు లేకుండా పోయింది. ఐదు కలిపే అలవాటు చేతికి పట్టేసిన పాతవాళ్ళు ఇప్పుడు దాన్ని మానుకోవాలి.

ఇంకొకటి, ఒంటరిగా వెళ్ళేవాళ్ళు ఎవరికైనా కాగితం మీద రాసి ఇవ్వాలి: ఎక్కడి నుంచి మొదలు, ఏ గట్టు మీదుగా పైకి, ఏ గట్టు మీదుగా కిందికి, ఎన్నింటికల్లా ఫోన్ వస్తుంది, ఆ వేళ దాటితే ఏం చేయాలి. ‘హెల్‌వెలిన్‌కి పోతున్నా’ అంటే సరిపోదు, ఆ కొండ మీదకి దారులు చాలా ఉన్నాయి. ప్రమాదం జరిగితే 999 అనే అత్యవసర నంబరుకి ఫోన్ చేసి ముందు పోలీసుల్ని, వాళ్ళ ద్వారా మౌంటెన్ రెస్క్యూని, అంటే కొండ మీద చిక్కినవాళ్ళని కాపాడే దళాన్ని అడగాలి. ఈ వైపు వచ్చేది ప్యాటర్‌డేల్ దళం. అందరూ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళే, డబ్బు తీసుకోరు. ఫోన్ మాట కలవని చోట మెసేజ్ పోవచ్చు, అయితే ఇంటి దగ్గరే 999కి ‘రిజిస్టర్’ అని మెసేజ్ పంపి నమోదు చేసుకుని ఉండాలి. ఈల అయితే నిమిషంలో ఆరు సార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరు.

ఇక నడక. గ్లెన్‌రిడ్డింగ్ నుంచి గిల్‌సైడ్ వైపు తిరిగి వాగు పక్కన పట్టే దారి నిట్టనిలువుగా మొదలవుతుంది. చాలా భాగం రాళ్ళు పరిచి మెట్లలా కట్టారు, లేకపోతే లక్షల కాళ్ళకి కొండ పక్క మొత్తం కొట్టుకుపోయేది. ఎక్కేటప్పుడు ఇబ్బంది లేదు. అరిగి నున్నబడిన ఆ రాళ్ళు దిగేటప్పుడు, ముఖ్యంగా తడిగా ఉంటే, జారతాయి. ఈ మొదటి గంటలో ఎక్కువమంది చేసే తప్పు వేగం. పొద్దున్న ఉత్సాహంలో రొప్పుకుంటూ ఎక్కేసి 700 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి తొడలు వణుకుతుంటాయి. అసలు పని అక్కడే మొదలు కావాలి. నోరు మూసుకుని ముక్కుతో గాలి పీల్చగలిగేంత వేగమే సరైన వేగం. గంటన్నర, రెండు గంటల్లో బర్క్‌హౌస్ మూర్ భుజం మీదకి వస్తే చాలు. సున్నం లేకుండా పేర్చిన రాతి గోడ అక్కడ తోడుగా వస్తుంది. కింద సరస్సులో 1877 నాటి లేడీ ఆఫ్ ద లేక్ అనే స్టీమరు ఇప్పటికీ తిరుగుతుంది.

గోడ వెంట పోతే ‘హోల్ ఇన్ ద వాల్’ అనే చోటు, గోడకి సందు. ఎదురుగా కొండ మొత్తం తెరుచుకుని కనిపిస్తుంది: ఎడమన స్ట్రైడింగ్ ఎడ్జ్, మధ్యలో 718 మీటర్ల ఎత్తులో రెడ్ టార్న్, దాని వెనక గోడలా శిఖరం, కుడిన స్విరల్ ఎడ్జ్, దాని కొసన 890 మీటర్ల క్యాట్స్టికామ్ గోపురం. మంచుయుగంలో రెండు పక్కల నుంచీ మంచు కొండని తొలుస్తూ రాగా మధ్యలో మిగిలిపోయిన గోడే ఈ స్ట్రైడింగ్ ఎడ్జ్. ఇటు తొలిచిన గుంట రెడ్ టార్న్, అటు తొలిచిన గుంట నెదర్‌మోస్ట్ కోవ్.

కూర్చుని ఏదైనా తినాల్సిన చోటు ఇదే. అందం కోసం మాత్రమే కాదు. ఇక్కడి నుంచి కుడికి రెడ్ టార్న్ వైపు సులువైన దారి ఉంది, ఎడమకి గ్రైజ్‌డేల్ లోయలోకి దిగే దారి ఉంది. ముందుకి వెళ్తే మాత్రం సులువుగా పక్కకి దిగిపోయే మార్గం శిఖరం దాకా ఉండదు. కాబట్టి గట్టెక్కాలా వద్దా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. నిలబడితే గాలికి ఒళ్ళు ఊగుతోందా? రాతి మీద తడి మెరుపు ఉందా? తొడలు వణుకుతున్నాయా? మూడింటికీ లేదనే జవాబు రావాలి. పక్కన మనిషి ఉంటే ముఖం చూసి ‘ఇవాళ వద్దులే’ అంటాడు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాట తనకి తనే చెప్పుకోవాలి. ఎండ కాస్తున్న రోజున అది మరీ కష్టం, వెనక్కి తిరగడానికి కారణమే కనిపించదు.

కర్రలు వాడేవాళ్ళు ఇక్కడే మడిచి బ్యాగులో పెట్టాలి. మణికట్టుకి వేలాడుతున్న కర్ర రాతి పగుల్లో ఇరుక్కుంటే చెయ్యి అక్కడే ఆగుతుంది, ఒళ్ళు ముందుకి పోతుంది. బ్యాగు ఛాతీ పట్టీ బిగించాలి, బూటు లేసు రెండు ముళ్ళు వేయాలి.

ముందు హై స్పైయింగ్ హౌ అనే 863 మీటర్ల బుడిపె. గట్టు మొత్తంలో ఎత్తైన చోటు ఇదే. అది దాటగానే ఎడమ పక్క రాతి మీద చిన్న ఇనప ఫలకం ఉంటుంది. 1858 నవంబర్ 27న నక్కల వేట కుక్కల వెంట వచ్చి ఇక్కడ పడిపోయిన రాబర్ట్ డిక్సన్ అనే ప్యాటర్‌డేల్ మనిషి జ్ఞాపకార్థం. చాలామంది చూడకుండానే దాటిపోతారు, చూపు కాళ్ళ మీద ఉంటుంది కాబట్టి. ఉండాల్సిందీ అక్కడే.

ఇక్కడి నుంచి గట్టు సన్నబడుతుంది. కొన్ని చోట్ల గుమ్మం వెడల్పు, రెండు పక్కలా పల్లం. కుడి పక్క, కొన్ని మీటర్ల కిందుగా, ఒక కాలిదారి గట్టు పొడవునా పోతుంది. భయం వేసినవాళ్ళు దాని మీద పోవచ్చు, సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. కాకపోతే ఒక చిక్కుంది. అది ఉత్తరం వైపు, నీడ ఎక్కువ. పైన గట్టు పొడిగా ఎండిపోయినా ఆ దారి మీద మట్టి, తడి, వదులు రాళ్ళు మిగిలి ఉంటాయి. ఎండ రోజున పొడి రాతి నడినెత్తి మీద నడవడమే నిజానికి నమ్మకమైన అడుగు. ఎడమ కుడి పల్లాలు కళ్ళని భయపెడతాయి గానీ కాళ్ళకి అక్కడ దొరికే పట్టు గట్టిది.

రాయి సంగతి కూడా చెప్పాలి. ఇది దాదాపు 45 కోట్ల ఏళ్ళ నాటి అగ్నిపర్వతాల రాయి, గరుకుగా ఉంటుంది, ఎండితే బూటు అతుక్కున్నట్టు నిలుస్తుంది. అదే ఉత్తరాన బ్లెన్‌కాత్రా కొండ మీది షార్ప్ ఎడ్జ్ అనే గట్టు అయితే పలక రాయి. అరిగి నున్నబడి, కాస్త మంచు తడి తగిలినా సబ్బు రాసినట్టు జారుతుంది. రెంటినీ ఒకే తరగతిలో వేస్తారు, చేతులు కూడా వేసి ఎక్కే స్క్రాంబ్లింగ్‌లో మొదటి తరగతి, తాడు అక్కర్లేనిది. తడి రోజున అవి రెండూ ఒకటి కావు. స్ట్రైడింగ్ ఎడ్జ్ మీద కూడా ఎక్కువమంది చెయ్యి వేసే, కాలు మోపే చోట్ల రాయి తెల్లగా మెరుస్తుంది. ఆ మెరుపు దారి చూపిస్తుంది, జారేదీ అక్కడే. మెరిసే రాయి పక్కనే గరుకు రాయి దొరికితే దాని మీదే కాలు.

చేతులు వేసి ఎక్కడంలో నియమం పాతదే: రెండు చేతులు, రెండు కాళ్ళలో ఎప్పుడూ మూడు రాతి మీద ఉండాలి, ఒకసారి ఒకటే కదలాలి. పుస్తకంలో చదివితే సులువు. నిజంలో రెండో చెయ్యి కుదురుకోకముందే కాలు లేచిపోతుంది, ముఖ్యంగా బాగా సాగుతోందని అనిపించినప్పుడు. పట్టుకునే రాయిని ముందు అరచేత్తో తట్టి చూడాలి. డొల్ల శబ్దం వస్తే అది కొండకి అంటుకుని లేదు. కిందికి నొక్కితే నిలిచే రాయి కూడా బయటికి లాగితే ఊడిరావచ్చు, అందుకే పట్టుని కిందికే నొక్కాలి. బరువు కాళ్ళది, చేతులు నిలకడకి. మోకాలు రాతి మీద ఆన్చితే అప్పటికి హాయిగా ఉంటుంది. తర్వాత ఆ మోకాలి మీద నుంచి లేవడానికి చోటుండదు.

గట్టు చివర అసలు సంగతి వస్తుంది. రాతి బురుజు ఒకటి దారికి అడ్డంగా నిలబడి ఉంటుంది, దాని చివర నుంచి నాలుగు మీటర్ల లోపు చిమ్నీ లాంటి సందులో కిందికి దిగాలి. మొత్తం చుట్టులో ఇదే గట్టి ముడి. పైనుంచి చూస్తే మొదటి అడుగు పెట్టే చోటు కనిపించదు, రాయి కొంచెం ఉబ్బి దాన్ని దాస్తుంది. లోయ వైపు ముఖం పెట్టి పిర్రల మీద జారుతూ దిగాలని చూసేవాళ్ళకి ఇక్కడే బ్యాగు వెనక రాయికి తగిలి ముందుకి తోస్తుంది. చేయాల్సింది: రాతి వైపు తిరగాలి, రెండు చేతులకీ గట్టి పట్టు దొరకబుచ్చుకోవాలి, నడుము రాతికి కాస్త దూరంగా ఉంచాలి. నడుము అతుక్కుపోతే కాళ్ళు కనపడవు. తర్వాత ఒక కాలు మెల్లగా దించి, బూటు ముందు అంచుతో వెతకాలి. మెట్టు ఉంటుంది, మోకాలి లోతు కన్నా కొంచెం కింద. దాని మీద బరువు వేసేముందు ఒకటికి రెండుసార్లు నొక్కి చూసి, అప్పుడు చేతులు దించుకోవాలి. మిగతావి నిచ్చెన మెట్లలా దొరుకుతాయి. నచ్చకపోతే కుడి పక్క దారి దీన్ని కూడా తప్పించుకుని పోతుంది, కాకపోతే కాస్త ముందే అందులోకి దిగాలి.

దిగడం కష్టమైనప్పుడు అటు నుంచి ఇటు రావచ్చు కదా, చిమ్నీని ఎక్కేయవచ్చు కదా అని అడుగుతారు. ఈ వాదన వినడానికి బాగుంటుంది గానీ ఒప్పుకోలేం. చిమ్నీ దాటాక శిఖరం అంచు దాకా ఉన్న నిట్టనిలువు పక్క మొత్తం విరిగిన రాయి, వదులు గులక. దాన్ని ఎక్కడం విసుగు, దిగడం ప్రమాదం. నాలుగు మీటర్ల గట్టి రాతిని దిగడం, చిమ్నీకి ఎన్నో రెట్లు పొడవున్న వదులు రాళ్ళని దిగడం కన్నా ఎప్పుడూ మేలే.

ఆ చివరి పక్క మీద పైనున్నవాళ్ళ కాళ్ళ కింద నుంచి రాళ్ళు దొర్లుతాయి. నేరుగా ఎవరి కిందా ఉండకూడదు, వాళ్ళకి ఏటవాలుగా పక్కకి జరిగి ఎక్కాలి. మన కాలి నుంచి రాయి జారితే అక్కడి ఆనవాయితీ ప్రకారం ‘బిలో!’ (కింద జాగ్రత్త) అని గట్టిగా అరవాలి, కింద ఎవరూ లేరనుకున్నా సరే.

పైకి రాగానే మొదట కనిపించేది చార్లెస్ గాఫ్ స్మారక రాయి. 1805 వసంతంలో ఒంటరిగా ఈ కొండ దాటబోయి పడి చనిపోయాడు. మూడు నెలల తర్వాత గానీ శవం దొరకలేదు, అప్పటిదాకా ఆయన కుక్క అక్కడే ఉంది. ఆ కుక్క మీద ఇద్దరు పెద్ద కవులు పద్యాలు రాశారు. ఒంటరిగా వచ్చినవాళ్ళు ఆ రాయి ముందు కొంచెం ఎక్కువసేపు నిలబడేవాళ్ళు. ఇంకాస్త ముందు ఇంకో రాయి: 1926 డిసెంబర్ 22న జాన్ లీమింగ్, బెర్ట్ హింక్లర్ అనే ఇద్దరు ఈ శిఖరం మీద విమానం దించి, మళ్ళీ ఎగిరి మాంచెస్టర్ వెళ్ళిపోయారు. రాతి గట్టు దాటి వచ్చినవాళ్ళకి అది నమ్మబుద్ధి కాదు. కానీ శిఖరం పైన పడమటి వైపు మైదానం లాగే ఉంటుంది. కొండ ఇటు కత్తి, అటు బల్ల.

గాలికి అడ్డంగా కూడిక గుర్తు ఆకారంలో కట్టిన రాతి గోడ ఉంది. గాలి ఏ దిక్కున వీచినా ఒక మూల ఖాళీగా దొరుకుతుంది. పులిహోర డబ్బా తెరిస్తే గొర్రెలు వస్తాయి. ఈ కొండ మీద వాటికి సిగ్గూ భయమూ లేవు, బ్యాగు జిప్పు తెరిచి పెట్టి ఫోటో తీసుకోవడానికి లేచారో, అంతే సంగతులు. పడమర కింద థర్ల్‌మియర్ జలాశయం. 1894 నుంచి దాని నీళ్ళు పంపులు లేకుండా, వాలు మీదే, 150 కిలోమీటర్లు దాటి మాంచెస్టర్‌కి పోతున్నాయి. ఆ ఊళ్ళో మన ఇళ్ళల్లో కుక్కర్‌లోకి వంపిన నీళ్ళు ఇక్కడివే అని శిఖరం మీద నిలబడి తెలుసుకోవడం బాగుంటుంది. ఉత్తరాన స్కిడ్డా, బ్లెన్‌కాత్రా. నైరుతిలో స్కాఫెల్ పైక్, 978 మీటర్లు, దేశంలో అన్నిటికన్నా ఎత్తు. గాలి శుభ్రంగా ఉంటే సాల్వే అఖాతం అవతల స్కాట్లండ్ కొండలు. మధ్యాహ్నానికి మబ్బులు కాలీఫ్లవర్‌లా పైపైకి ఉబ్బడం మొదలెడితే చూస్తూ కూర్చోవద్దు. ఉరుములు వచ్చేలోపు గట్టు దిగిపోవాలి.

స్విరల్ ఎడ్జ్ మొదలు దొరకబుచ్చుకోవడంలో పొరపాట్లు జరుగుతాయి. అసలు శిఖరం నుంచి ఉత్తరంగా సర్వే స్తంభం దాటి ఇంకొంచెం ముందుకి పోతే రాళ్ళ కుప్ప ఉంటుంది, దిగాల్సింది అక్కడ. తొందరపడి ముందే కుడికి తిరిగితే నేరుగా రెడ్ టార్న్ మీద వేలాడే గోడ మీదకి పోతారు. మొదటి ముప్పై, నలభై మీటర్లే నిలువు. కాళ్ళు అలిసి, మనసు ‘అయిపోయింది’ అనుకునే వేళ అది. పైగా ఈ గుంట తూర్పు ముఖం. పొద్దున ఎండ బాగా తగిలినా సాయంత్రానికి నీడ పడి రాయి చల్లబడుతుంది. నిలువుగా ఉన్న చోట మళ్ళీ రాతి వైపు తిరగాలి, గట్టుకీ క్యాట్స్టికామ్‌కీ మధ్య పల్లంగా ఉండే మెడ దాకా మనం దిగేవరకూ కర్రలు బ్యాగులోనే ఉండాలి. మెడ దగ్గర కుడికి తిరిగితే చెరువు, తిన్నగా పోతే క్యాట్స్టికామ్. ఓపిక ఉంటే ఇరవై నిమిషాలు పెట్టాల్సిందే. హెల్‌వెలిన్ మీద జాతరలా జనం ఉన్న రోజున కూడా అక్కడ ఇద్దరు ముగ్గురికి మించి ఉండరు.

రెడ్ టార్న్‌లో షెల్లీ అనే చేప ఉంటుంది. మంచుయుగం నాటి నుంచి మిగిలిపోయిన జాతి, ఇంగ్లండ్‌లో సహజంగా నాలుగంటే నాలుగు నీటి మడుగుల్లోనే ఉంది. ఎండకి కాలి వచ్చిన ఒంటితో ఆ నీళ్ళు చూస్తే దూకాలనిపిస్తుంది. జూన్‌లోనూ అవి గుండె పట్టేసేంత చల్లన. ఒంటరిగా ఉన్నవాళ్ళు మోకాళ్ళ దాకా దిగి ముఖం కడుక్కుని రావడం చాలు.

అక్కడి నుంచి వాగు వెంట దిగితే గ్రీన్‌సైడ్ సీసం గనుల దారి తగులుతుంది. 1962లో మూతపడ్డాయి. వీటి కోసం పైన కెప్పెల్ కోవ్‌లో కట్టిన ఆనకట్ట 1927లో తెగి గ్లెన్‌రిడ్డింగ్ ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి. గనుల చెత్త కుప్పలు ఇప్పటికీ బోడిగా నిలబడి ఉన్నాయి. మిగిలింది వెడల్పు బండి దారి. కష్టమైన గట్ల మీద పడనివాళ్ళు ఈ దారి మీద కాలు మెలికపెట్టుకుంటారు. చూపు సరస్సు మీద, ధ్యాస టీ మీద, కాలి కింద గుండ్రటి గులకరాయి. కర్రలు ఇప్పుడు బయటికి తీయాలి, మామూలు కన్నా ఐదు సెంటీమీటర్లు పొడవు పెంచి. బూటు లేసు విప్పి మడమ వెనక్కి తన్ని పై భాగం గట్టిగా బిగిస్తే వేళ్ళు ముందుకి గుద్దుకోవు. గోళ్ళు ముందురోజే కత్తిరించుకోకపోతే బొటనవేలి గోరు నల్లబడి రెండు నెలల తర్వాత ఊడుతుంది.

ఊళ్ళోకి రాగానే బస్సు వేళ చూసుకోవడం కన్నా ముందు చేయాల్సింది మన కాగితం దగ్గర పెట్టుకున్నవాళ్ళకి ఫోన్. అది మరిచి టీ కొట్లో కూర్చుంటే, దిగివచ్చిన మనిషి కోసం పాపం పదిహేను మంది తమ పనులు వదులుకుని కొండెక్కుతారు. లోయలో ఫోన్ సరిగ్గా అందదు, అప్పట్లో ఎర్ర ఫోన్ డబ్బాలో పది పెన్నీల నాణేలు వేసేవాళ్ళం. ఇంటికి చేరాక మోకాళ్ళ వెనక, తొడల పైభాగాన, నడుము పట్టీ కింద గొర్రె పిడుదులు పట్టాయేమో చూసుకోవాలి. ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగాలి. నూనె రాయడం, కాల్చడం వద్దు. బూట్లలో పాత పేపరు కుక్కి గది మూల పెట్టాలి. రేడియేటరు మీద పెడితే తోలు బిరుసెక్కి పగులుతుంది, అడుగు జిగురు వదులుతుంది.